హోసూరు దాటకముందే

మే నెలలో ఏ శనివారమైనా పొద్దున ఎనిమిదింటికి కృష్ణగిరి టోల్‌గేటు దాటి కాస్త ముందుకెళ్తే రోడ్డు పక్కన కార్లు వరసగా ఆగి కనిపిస్తాయి. ఒక కారు దగ్గర తల్లి నీళ్ల సీసా వంచి పిల్లాడి చొక్కా కడుగుతుంటుంది. తండ్రి నాలుగడుగుల అవతల నిలబడి ఫోనులో మ్యాపు చూస్తున్నట్టు నటిస్తుంటాడు. ముందు సీట్లో అవ్వ కాళ్లు బయటికి పెట్టుకుని, "అంత పొద్దున్నే పాలు తాపొద్దంటే విన్నారా?" అని ఎవరినీ చూడకుండా, అందరికీ వినపడేట్టు అంటుంది. హోసూరులో ఇల్లు తాళం వేసి ఇంకా గంటన్నర కాలేదు. పోవాల్సింది రామేశ్వరం.

వాళ్ల వెనకే ఇంకో కారు ఆగుతుంది. అందులోనూ ఇద్దరు పిల్లలే, ఒక అవ్వే. ఆ పిల్లల్లోనూ ఒకరికి వాంతి అయ్యే ఉంటుంది. కాకపోతే చేతికందే చోట కవరు ఉంది, మారుచొక్కా డిక్కీలో పెద్ద పెట్టె అడుగున కాకుండా సీటు కింద చేతిసంచిలో ఉంది. ఐదు నిమిషాల్లో మొహం కడిగి, చొక్కా మార్చి, ఎవరూ ఎవరినీ ఏమీ అనకుండా బయల్దేరతారు.

ఈ రెండో ఇంటివాళ్లకు ఓపిక ఎక్కువని అనుకుంటాం. నాకలా అనిపించదు. ఆకలి, ఎండ, నిద్ర చాలకపోవడం మూడూ కలిస్తే ఎంతటివాళ్లకైనా ఓపిక మిగలదు. వాళ్లకు ఓపికతో పెద్ద పని పడలేదు, అంతే. పడకుండా ముందురోజు రాత్రే చూసుకున్నారు. వ్యక్తిత్వ వికాసం పేరుతో వచ్చే పుస్తకాలు కోపం వచ్చాక ఏం చేయాలో చాలా చెబుతాయి. పది అంకెలు లెక్కపెట్టమంటాయి, ఊపిరి గట్టిగా పీల్చమంటాయి. డెబ్భై ఎనభై వేగంతో బండి నడుపుతున్న మనిషి, వెనక ఇద్దరు పిల్లలు జుట్లు పట్టుకుని కొట్టుకుంటుంటే, ఊపిరి మీద ధ్యాస పెట్టగలడా? కోపం రాకుండా చూసుకునే పని జరగాల్సిన చోటు హోసూరులో ఇంటి హాలు. సమయం, అందరి కడుపూ నిండి ఉన్న రాత్రి.

మొదట తేల్చుకోవాల్సింది దూరం సంగతి. హోసూరు నుంచి మదురై దాదాపు 395 కిలోమీటర్లు, అక్కడి నుంచి రామేశ్వరం ఇంకో 170. అంతా నాలుగు వరసల, రెండు వరసల మంచి రోడ్డే. ఫోను తొమ్మిది పది గంటలని చూపిస్తుంది. ఇంటాయన దానికి టిఫినుకొక అరగంట, భోజనానికొక అరగంట కలిపి, తెల్లారి ఐదింటికి కదిలితే సాయంత్రం నాలుగింటికి సముద్రం దగ్గరుంటామంటాడు. పైగా ప్రతి కుటుంబంలోనూ రామేశ్వరాన్ని ఏడున్నర గంటల్లో కొట్టిన బావమరిది ఒకడుంటాడు. ఆ ఏడున్నర గంటల్లో కారులో ఎవరెవరున్నారని మాత్రం ఎవరూ అడగరు.

మనుషుల అంచనాలు ఇలా తక్కువకే ఎందుకు మొగ్గుతాయో డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే రాశారు. 1994లో కెనడాలో కొందరు మనస్తత్వ శాస్త్రవేత్తలు డిగ్రీ చివరి ఏడాది విద్యార్థులను, మీ సిద్ధాంత వ్యాసం ఎన్ని రోజుల్లో పూర్తవుతుందని అడిగారు. సగటున 34 రోజులన్నారు. పట్టింది 55. మనం రాబోయే పనిని ఊహించుకునేటప్పుడు అది సాఫీగా సాగిపోయే బొమ్మనే గీసుకుంటాం. పోయినసారి ఏమైందో గుర్తున్నా, అదేదో ఆ ఒక్కసారికి అలా జరిగిందిలే అని పక్కన పెడతాం. పోయిన సంక్రాంతికి తిరుపతి వెళ్లి రావడానికి ఎంతసేపు పట్టింది? రామేశ్వరం లెక్క అక్కడి నుంచి మొదలుపెట్టాలి, ఫోను నుంచి కాదు.

ఐదేళ్లలోపు పిల్ల ఉన్న కారు రెండు గంటలకొకసారి అరగంట ఆగుతుందని రాసుకోండి. మధ్యాహ్నం భోజనానికి గంట పైమాటే. పది గంటల ప్రయాణం కాస్తా పదమూడు, పద్నాలుగవుతుంది. అంటే ఐదింటికి కదిలినా రాత్రి ఏడింటి ప్రాంతంలో, చీకటి పడుతుండగా, నిద్రపోతున్న పిల్లలతో పాంబన్ వంతెన దాటుతారు. సముద్రం మీద రెండు కిలోమీటర్లకు పైగా సాగే రోడ్డు వంతెన అది, 1988లో తెరిచారు. పక్కనే రైలు వంతెన, ఓడ వస్తే మధ్య భాగం నిలువునా పైకి లేచేది, 2025 ఏప్రిల్ 6న ప్రారంభమైంది. పిల్లలు ఏళ్ల తరబడి చెప్పుకునే దృశ్యం అది. అదే మదురైలో రాత్రి పడుకుని, పొద్దున ఆరున్నరకు లేచి కదిలితే పదింటికల్లా, అందరూ మేలుకుని ఉండగా ఆ వంతెన ఎక్కుతారు. మదురైలో ఆగుతున్నామన్న మాట బావమరిది ఫోను చేయకముందే ఇంట్లో ఖాయమైపోవాలి.

మన పూర్వులు దూరాన్ని మజిలీలతో కొలిచారు. ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్నం సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటరు. 1830 మే 18న కుటుంబంతో, దాదాపు వందమంది పరివారంతో కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చాడు. ఆయన రాసుకున్న కాశీయాత్ర చరిత్రలో ఊరి తర్వాత ఊరు వస్తుంది. అక్కడ నీళ్లున్నాయా, దిగడానికి చోటుందా, అంగళ్లలో ఏం దొరుకుతాయి, దారి రాళ్లదా ఇసుకదా, ఇవన్నీ ఉంటాయి. వందమందిని నడిపించాల్సిన మనిషికి గమ్యం కంటే ఆ రాత్రి దిగే చోటే ముఖ్యం. ఇద్దరు పిల్లలున్న మనిషి పరిస్థితీ పెద్దగా వేరు కాదు.

"నాయనా, ఇంకా ఎంత దూరం?" అని శూళగిరి దగ్గరే మొదలవుతుంది. ఐదు వందల కిలోమీటర్లని జవాబిస్తే ఆరేళ్ల పిల్లకు ఏం అర్థమవుతుంది? ఇంకో పది నిమిషాల్లో మళ్లీ అదే అడుగుతుంది, ఈసారి గొంతు పెంచి. మజిలీలతో చెప్పండి. ముందు తోపూరు ఘాట్ వస్తుంది, అక్కడ కోతులు కనబడతాయేమో చూడు. తర్వాత సేలం. ఆ తర్వాత నామక్కల్లో కోట కొండ కింద పద్దెనిమిది అడుగుల ఆంజనేయస్వామి, నెత్తి మీద కప్పు లేకుండా ఎండకూ వానకూ అలాగే నిలబడి ఉంటాడు. అది దాటాక పరమత్తి వేలూరు దగ్గర కావేరి. కావేరి తర్వాత కరూరు, దిండిగల్. ఒక కాగితం మీద ఈ పేర్లు వరసగా రాసి పిల్ల చేతికిస్తే, దాటిన ఊరు దాటినట్టు కొట్టేసుకుంటూ పోతుంది. మధిర సుబ్బన్న దీక్షితులు కాశీమజిలీ కథల్లో, యతి వెంట నడవడానికి ఒప్పుకునే పశువుల కాపరి కుర్రవాడు ఊరికే ఒప్పుకోడు. మజిలీ మజిలీకీ తనడిగిన వింతకు కథ చెప్పాలని ముందే షరతు పెడతాడు. పిల్లలతో ఎలా బయల్దేరాలో అంతకంటే తెలిసినవాడు నాకు కనిపించలేదు. బేరం ఇంటి దగ్గరే కుదిరిపోయింది.

బయల్దేరే వేళ గురించి నాకు చాలామందితో పేచీ ఉంది. పిల్లలు నిద్రలోనే ఉంటారు, రోడ్డు ఖాళీగా ఉంటుంది, రాత్రి రెండింటికి కదులుదామంటారు. పిల్లలు నిద్రపోతారు, నిజమే. నడిపేవాడి ఒళ్లు కూడా అదే కోరుకుంటుంది. రాత్రి రెండు నుంచి ఆరు దాకా మనిషికి మగత అన్నిటికంటే ఎక్కువ. మధ్యాహ్నం భోంచేశాక ఇంకోసారి వస్తుంది. వెలుగు రేఖ పడుతుండగా ఐదున్నరకు కదలడం నయం. బెంగళూరు నుంచి వచ్చే సెలవుల రద్దీ అత్తిబెలె దాటి హోసూరు మీద పడేలోపు మనం శూళగిరి దాటేసి ఉంటాం. హోసూరులో ఉండేవాళ్లకు దేవుడిచ్చిన సౌకర్యం అది, దాన్ని వాడుకోని వాళ్లే ఎక్కువ.

ఇంకో సంగతి హోసూరు వాళ్లకే ప్రత్యేకం. మనం సముద్ర మట్టానికి 900 మీటర్ల ఎత్తున, మేలో కూడా సాయంత్రం చల్లగాలి తగిలే ఊళ్లో ఉంటాం. కృష్ణగిరి చేరేసరికి దాదాపు 400 మీటర్లు దిగిపోతాం. సేలం ఇంకా కింద. పిల్లలు చెవులు మూసుకుపోయాయని ఏడిస్తే అది పేచీ అనుకుంటాం, పాపం నిజంగానే మూసుకుపోతాయి. ఏదైనా చప్పరించడానికో, గుటకలు వేస్తూ తాగడానికో ఇస్తే తెరుచుకుంటాయి. హోసూరు చలికి తొడిగిన స్వెటర్లు సేలం దగ్గర కూడా ఒంటి మీదే ఉంటే వాంతులు రాక ఏమవుతాయి? మదురై ఎండ హోసూరు మనిషికి ఎప్పుడూ ఆశ్చర్యమే. పన్నెండు నుంచి మూడు వరకు ఎక్కడో ఒక చోట ఫ్యాను కింద ఉండేట్టు చూసుకోవాలి.

తోపూరు ఘాట్ సేలం వైపు వెళ్లేవాళ్లకు దిగుడు. బరువు లారీలకు బ్రేకులు వేడెక్కి పట్టు తప్పడం అక్కడ మామూలు వార్త. చిన్న గేరులో, లారీకి దూరంగా దిగాలి. ఆ కొద్ది నిమిషాలు నడిపేవాడు వెనక్కి తిరిగి ఒక్క మాట అనకూడదు. అనకుండా ఉండాలంటే వెనక జరిగేదాన్ని చూసుకునే మనిషి వేరే ఉండాలి, ఆ మనిషి ఎవరో అక్కడికి చేరకముందే తెలిసి ఉండాలి. నడిపేవాడు నడపాలి, అంతవరకే. ఎక్కడ ఆగాలి, ఏం తినాలి, ఫోను ఎవరు ఎత్తాలి, ఇవన్నీ పక్క సీటు అధికారంలో ఉంటే మంచిది.

ఇక్కడే మగవాళ్ల జబ్బొకటి బయటపడుతుంది. "ముప్పై లారీలను దాటి వచ్చాం, ఇప్పుడు ఆపితే అవన్నీ మళ్లీ ముందుకు పోతాయి." పాప ఒంటేలుకు పోవాలని అడుగుతుంటే ఈ మాట అన్నవాళ్లు నాకు తెలిసినవాళ్లలోనే చాలామంది ఉన్నారు. ఆ లారీలతో మనకు పందెమేముంది? కానీ స్టీరింగు పట్టుకున్నవాడికి ఆగడం ఓడిపోవడంలా తోస్తుంది. ఆ సమయంలో వాదించి లాభం లేదు. ముందురోజు రాత్రి ఒక ఒప్పందం చాలు. "నువ్వు ఆపమన్న చోట ఆపుతా, ఎందుకని అడగను." ఈ మాట భార్యకు ఇచ్చి నిలబెట్టుకోగలిగిన మనిషి, ఆఫీసులో తన కింద పనిచేసేవాళ్లతో కూడా ఇంకోలా ఉంటాడని నా నమ్మకం.

సీటు బెల్టు సంగతి వేరే. ఇందులో ఒప్పందాలు లేవు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 194బి అనే సెక్షను చేర్చారు. పద్నాలుగేళ్లలోపు పిల్లలకు బెల్టో, పిల్లల సీటో లేకుండా నడిపితే 1000 రూపాయల జరిమానా. జరిమానా పోనీండి. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు అర మీటరులో ఆగిపోయిందనుకుంటే, ఒడిలో ఉన్న పది కిలోల బిడ్డ దాదాపు 200 కిలోల బరువుగా ముందుకు లాగుతుంది. ఏ తల్లి చేతులూ ఆపలేవు. అయినా అవ్వ ఒప్పుకోదు. "మీ నాయన్ని నేను బస్సులో ఒళ్లో పెట్టుకునే పెంచాను." నిజమే, పెంచింది. ఆమెతో టోల్‌గేటు దగ్గర తగాదా పడటం తప్పు. వారం ముందే పిల్ల సీటు తెచ్చి హాల్లో టీవీ ముందు వేయండి. పిల్ల దాంట్లో కూర్చునే బొమ్మలు చూస్తుంది, అది తన కుర్చీ అయిపోతుంది. బయల్దేరే రోజున అవ్వ ఒళ్లో కూర్చోబెట్టుకుంటానన్నా పిల్లే వినదు. ఆ పక్కనే కూర్చోమని అవ్వకు చోటివ్వండి.

పిల్లల చేతికి ఫోనిస్తే గొడవుండదనుకుంటాం. రెండేళ్ల నుంచి పన్నెండేళ్ల దాకా కారు ప్రయాణంలో తల తిరిగి వాంతులయ్యేది ఎక్కువ. కళ్లు కదలని తెరను చూస్తుంటాయి, లోపలి చెవి ఒళ్లు కదులుతోందని చెబుతుంది. ఈ రెండూ పొసగకే కడుపులో తిప్పుతుంది. కిటికీ బయట దూరంగా చూసే పిల్లకు ఆ బాధ తక్కువ. అందుకని బయటికి చూసే పనేదైనా ఉండాలి.

హోసూరు తెలుగిళ్లలో ఆ పని దానంతటదే దొరుకుతుంది. అవ్వకు చదువొస్తే తెలుగే వస్తుంది. మనవరాలు బడిలో అరవం చదువుతుంది. రోడ్డు మీద బోర్డులన్నీ అరవంలోనో ఇంగ్లీషులోనో ఉంటాయి. "అవ్వకు ఊరి పేర్లు చదివి చెప్పే బాధ్యత నీదే" అని అప్పజెప్పి చూడండి. ఏడేళ్ల పిల్ల కిటికీకి ముక్కు ఆనించి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ "త... ర్మ... పురి, అవ్వా, ధర్మపురి వచ్చేసింది!" అంటుంది. అవ్వ కళ్లు చికిలించి, "ధర్మపురా? మీ తాత ఇక్కడికి రాగులు తోలుకొచ్చేవాడు" అని మొదలుపెడుతుంది. ఇరవై కిలోమీటర్లు ఇట్టే గడిచిపోతాయి. ఇంట్లో ఏ పనీ సరిగా చేయదని మనం అనుకునే పిల్ల, పెద్దామె తన మీద ఆధారపడి ఉందని తెలిస్తే సర్దుకుని కూర్చుంటుంది. నాలుగేళ్లవాడికి చెత్తకవరు అప్పజెప్పండి. తొక్క, కాగితం, ఖాళీ సీసా, అన్నీ వాడి అనుమతితోనే లోపలికి వెళ్లాలి. పెత్తనం పెద్దవాళ్లకే కాదు, వాళ్లకూ ఇష్టమే.

కృష్ణగిరిలో ఇంకో ప్రమాదం పొంచి ఉంటుంది. చెన్నై రోడ్డు, సేలం రోడ్డు, తిండివనం మీదుగా పుదుచ్చేరి రోడ్డు, కుప్పం రోడ్డు, అన్నీ అక్కడే విడిపోతాయి. బోర్డు చూడగానే ఎవరికో ఒకరికి బుద్ధి పుడుతుంది. పుదుచ్చేరి పోతే పోలా? ధర్మపురి దగ్గర హొగెనకల్ బోర్డు కనబడితే మళ్లీ అదే. ఇంత దూరం వచ్చాం కదా, ఇదీ చూసేద్దాం. ఈ 'చూసేద్దాం' పిల్లలున్న ప్రయాణాన్ని పాడు చేసినంతగా టైరు పంక్చరు కూడా చేయదు. రోజుకొక్క చోటు. ఆ రోజుది నామక్కల్ అయితే నామక్కలే. చూడకుండా వదిలేసేవాటి పేర్లు కూడా రాసి పెట్టుకోవాలంటాను నేను. రాసి పెట్టుకుంటే, వదిలేసింది మనమేనని గుర్తుంటుంది, పోగొట్టుకున్నామన్న బాధ ఉండదు. మామిడిపళ్ల విషయంలోనూ అంతే. మే, జూన్ నెలల్లో కృష్ణగిరి దారంతా తోతాపురి, బంగినపల్లి బుట్టలే. పోయేటప్పుడే బుట్ట కొని డిక్కీలో వేస్తే, మూసిన కారులో ఆ పండు వాసన మధ్యాహ్నానికి పిల్లల కడుపులో తిప్పుతుంది. తిరుగు ప్రయాణంలో కొనండి, ఇల్లు యాభై కిలోమీటర్లే.

పీటర్ గాల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1999లో రాసిన ఒక వ్యాసంలో, "ఫలానాది జరిగితే ఫలానాది చేస్తా" అని ముందే అనుకున్నవాళ్లు ఉత్త సంకల్పం చెప్పుకున్నవాళ్ల కంటే ఎక్కువగా ఆ పని చేస్తారని చూపించాడు. ఎందుకంటే, ఆ క్షణంలో ఆలోచించే పని ఉండదు. పాప నిద్రపోతే టిఫిను తర్వాతి ఊళ్లో. ఇద్దరూ కొట్టుకుంటే అవ్వ మధ్యలోకి. బండి మొరాయిస్తే 1033కి ఫోను, జాతీయ రహదారి సహాయానికి ఆ నంబరుంది. ఇలాంటివి ఒక అరడజను చాలు.

వాటిలో అన్నిటికంటే కష్టమైనది వెనక్కి తిరగడం. పిల్లకు ధర్మపురి దగ్గర ఒళ్లు వెచ్చబడిందనుకోండి. గదులకు డబ్బు కట్టేశాం, సెలవు పెట్టేశాం, పక్కింటివాళ్లకు చెప్పేశాం. ఒకరు పోదామంటారు, ఒకరు వద్దంటారు, ఆ గంటలో ఎవరి మాట నెగ్గినా రెండోవాళ్లు సెలవులయ్యేదాకా మరిచిపోరు. అందుకే హద్దు ఇంట్లోనే గీసుకోవాలి. సేలం లోపల జ్వరం వస్తే వెనక్కి, హోసూరు 160 కిలోమీటర్లలోపే. సేలం దాటాక వస్తే మదురైకి, అక్కడ పెద్దాసుపత్రులున్నాయి, గది ఉంది. కొన్ని వందలు ఎక్కువైనా రద్దు చేసుకోగలిగే గదులే తీసుకుంటే ఈ హద్దు పాటించడం తేలిక, కట్టిన డబ్బు కారుని ముందుకు తోయదు. రెండోవాడు ఒంట్లో బాగున్నవాడు, సముద్రమని ఏడుస్తాడు. ఏడవనివ్వండి, వాడి ఏడుపులో న్యాయముంది. తిరిగొచ్చే దారిలో కృష్ణగిరి డ్యాం ఉంది, పార్కుంది, వేడివేడి చేపల వేపుడుంది. ఆపడానికి జ్వరం పిల్ల ఒప్పుకుంటే ఆపొచ్చు. ఒప్పుకోకపోతే ఆ మాట వాడికి చెప్పే పని ఎవరిదో కూడా ముందురోజు రాత్రే తేల్చుకుని ఉండాలి.